పడమటి తీరంలో తొమ్మిది రోజులు

న్యూజిలాండ్ దక్షిణ దీవి పడమటి తీరాన్ని కారులో చూసి రావాలని మేము మొదట వేసుకున్న ప్రణాళికలో డెనిస్టన్ అనే పాత బొగ్గు ఊరి పేరే లేదు. ఆక్లండ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నేను, నా భార్య, కొత్తగూడెం నుంచి మూడు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చిన నాన్న, ముగ్గురం కలసి అక్టోబరులో ఏడు రోజులు తిరిగి రావాలనుకున్నాము. నాన్న ఇల్లందు బొగ్గు బావుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, టబ్బులనే బొగ్గు బండ్లను తాడుతో పైకి లాగే హాలేజీ యంత్రానికి ఆపరేటరుగా రిటైరయ్యారు. భూమి అడుగున చెమటలో తడిసిన మనిషికి మంచు నదిని చూపించాలన్నది నా కోరిక. అందుకని ఏడు రోజుల్లో నాలుగు రోజులు హిమానీనదాలకు, మిగిలిన మూడు రోజులు దారికీ దారిలోని పాత గనుల ఊళ్ళకూ కేటాయించాను. చివరికి ఆ లెక్క పూర్తిగా తిరగబడింది.

ఏర్పాట్ల గురించి ముందుగా చెబుతాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో మేము చేసిన తప్పులూ ఒప్పులూ చాలావరకు ఇంటి దగ్గరే జరిగాయి. ఆక్లండ్ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కు విమానంలో వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, పర్వతాలు దాటి పడమటి తీరానికి చేరి, తీరం వెంబడి దక్షిణానికి దిగి, క్వీన్స్‌టౌన్‌లో కారు అప్పగించి విమానమెక్కాలి. ఒక ఊళ్ళో తీసుకుని మరో ఊళ్ళో వదిలినందుకు అదనంగా కట్టాల్సి వచ్చింది గానీ, వచ్చిన దారినే రెండు రోజులు వెనక్కి నడపడం కంటే అదే నయమనిపించింది. ఇక్కడ కూడా మన దేశంలో లాగే ఎడమ వైపునే బండి నడపాలి. సందర్శకులుగా వచ్చేవారు, వివరాలు ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సుతోనే కొంతకాలం నడపవచ్చు. అయితే నేను శ్రద్ధగా చదవాల్సింది లైసెన్సు నియమాలను కాదు, అద్దె ఒప్పందంలోని చిన్న అక్షరాలను. కంకర దారుల్లో ప్రమాదం జరిగితే బీమా వర్తించదని అందులో ఉన్నది. ఆ ఒక్క వాక్యం వల్ల గిలెస్పీస్ బీచ్ అనే నల్ల ఇసుక తీరాన్ని, అక్కడి పాత బంగారు గనివాళ్ళ శ్మశానాన్ని చూడకుండానే వదులుకోవాల్సి వచ్చింది. బస విషయంలో మాత్రం ఒక మంచి పని చేశాము. ముందు రోజు వరకు రద్దు చేసుకునే వీలున్న గదులనే, కాస్త ఎక్కువ అద్దె పడినా సరే, ఎంచుకున్నాము.

ఈ తీరంలో అక్టోబరులో ఉండే వసంతకాలమంటే వానకాలమే. టాస్మన్ సముద్రం మీదుగా వచ్చే పడమటి గాలులు నేరుగా సదరన్ ఆల్ప్స్ పర్వతాలకు తగిలి పైకి లేస్తాయి, మోసుకొచ్చిన తేమనంతా ఇవతలి వైపే కురిపిస్తాయి. తీరాన ఉన్న హోకిటికాలో ఏడాదికి సగటున సుమారు 2,900 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే మన కొత్తగూడెం వానకు రెండింతల కన్నా ఎక్కువ. అదే గాలి పర్వతాల మీద మంచు కురిపించి హిమానీనదాలను పోషిస్తుంది కనుక, మంచు చూడటానికి వచ్చినవాడు వానను తిట్టుకోవడంలో అర్థం లేదు. ఈ సంగతి నాకు తెలుసు. అయినా తిట్టుకున్నాను.

క్రైస్ట్‌చర్చ్ నుంచి గ్రేమౌత్‌కు సుమారు 240 కిలోమీటర్లు. పోర్టర్స్ పాస్, ఆ తరువాత 920 మీటర్ల ఎత్తున ఉన్న ఆర్థర్స్ పాస్ దాటగానే దారి ఒక్కసారిగా లోయలోకి జారుతుంది. ఒకప్పుడు ఇక్కడ ఎప్పుడు కొండచరియలు విరిగిపడతాయో తెలియని మలుపుల దారి ఉండేది, దాని స్థానంలో 1999లో 440 మీటర్ల ఒటీరా వంతెన కట్టారు. పైనున్న చోట ఆగి వంతెనను చూస్తుండగా కియా అనే కొండ చిలుకలు రెండు వచ్చి కారు మీద వాలాయి. చిలుకలంటే పండ్లు తింటాయనుకునే మనకు ఇవి ఒక వింత, ఎందుకంటే వీటికి కారు కిటికీల చుట్టూ ఉండే రబ్బరంటే ఇష్టం. మేము ఫొటోలు తీసుకుంటున్న కొద్దిసేపట్లోనే వెనుక కిటికీ అంచున బెత్తెడు పొడవున రబ్బరు ఊడి వేలాడింది.

అసలు నిర్ణయం జరిగింది కుమారా జంక్షన్ దగ్గర. మధ్యలోంచి రైలు పట్టాలు వెళ్ళే విచిత్రమైన రౌండబౌట్ అది. అక్కడ ఎడమకు తిరిగితే హోకిటికా, హిమానీనదాలు. కుడికి తిరిగితే గ్రేమౌత్, బొగ్గు ఊళ్ళు. దక్షిణాన మూడు రోజుల పాటు భారీ వర్షమని వాతావరణ శాఖ హెచ్చరిక అప్పటికే వచ్చి ఉన్నది. కారు పక్కన ఆపి ఫోన్లో రోడ్ల పరిస్థితి చూస్తూ ఎటూ తేల్చుకోలేకపోతుంటే, నాన్న ఊరి పేరు రాసిన పలకను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "కుమారా అని నిన్నే పిలుస్తున్నరు, ఎటు పోతవో జల్ది చెప్పు బిడ్డా" అన్నారు. నవ్వుకుంటూ కుడికి తిప్పాను. హిమానీనదం దగ్గరి గదిని రద్దు చేసి, గ్రేమౌత్‌లో గది తీసుకున్నాము.

గ్రేమౌత్‌కు కొద్ది దూరంలో, గ్రే నదికి రెండు గట్ల మీదా బ్రన్నర్ గని శిథిలాలు ఉన్నాయి. థామస్ బ్రన్నర్ అనే అన్వేషకుడు 1848లో ఇక్కడ బొగ్గు పొరను గుర్తించాడు. అది చెప్పగానే నాన్న, "మన దగ్గర కింగ్ సీమ్ లెక్కనే" అన్నారు. ఇల్లందు ప్రాంతపు బొగ్గును 1871లో కనుగొన్న డాక్టర్ విలియం కింగ్ పేరును మన సింగరేణిలో ఒక బొగ్గు పొరకు పెట్టుకున్నారు. ఆ పేరు పలుకుతూ బతికిన మనిషికి బ్రన్నర్ పేరు పరాయిగా తోచలేదు. వేలాడే వంతెన మీద నది దాటితే, ఇటుకతో తేనెతుట్టెల ఆకారంలో కట్టిన కోక్ బట్టీలు వరుసగా ఉంటాయి. నదికి ఇవతల టైన్‌సైడ్ గని పొగగొట్టం ఇంకా నిలబడి ఉన్నది. 1896 మార్చి 26న బ్రన్నర్ గనిలో జరిగిన పేలుడులో 65 మంది మరణించారు. న్యూజిలాండ్ గనుల చరిత్రలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. వారిలో 33 మందిని స్టిల్‌వాటర్ శ్మశానంలో ఒకే గోతిలో పూడ్చారు. మందుపాతర సరిగా పేలక మంట వెనక్కి తన్నిందని అప్పటి విచారణలో తేల్చారు. పలక మీది ఇంగ్లీషును నేను తెలుగులో చెబుతుంటే నాన్న మధ్యలో ఆపి, గ్యాసు చూడకుండా షాట్ పేల్చారా, బొగ్గు దుమ్ము మీద నీళ్ళు చల్లారా, గాలి ఎటు నుంచి ఎటు పోయేది అని ఒకదాని తరువాత ఒకటి అడిగారు. ఒక్కదానికీ ఆ పలక మీద జవాబు లేదు. అటు పైన దారిలోనే 2010 నవంబరు 19న పైక్ రివర్ గనిలో 29 మంది చనిపోయారని, వారి దేహాలు ఈనాటికీ లోపలే ఉన్నాయని చెప్పినప్పుడు ఆయన ఏమీ అడగలేదు.

బ్లాక్‌బాల్ మాత్రం ఆయనను ఉత్సాహపరిచింది. నాలుగు వీధుల ఆ చిన్న ఊరి పేరు న్యూజిలాండ్ కార్మిక చరిత్రలో పెద్దది. 1908లో ఇక్కడి గని కార్మికులు, భోజనానికి ఇచ్చే పదిహేను నిమిషాలను అరగంట చేయమని అడిగి, వారాల తరబడి సమ్మె చేసి గెలిచారు. "పావుగంటల సద్ది తినుడా? చేతులకంటిన బొగ్గు పోవాలంటెనే పావుగంట పడతది" అని నాన్న తీర్పు చెప్పారు. సమ్మె గురించిన ఫలకాల ముందు ఆయన నిలబడినంత సేపు, తరువాత ఏ జలపాతం ముందూ నిలబడలేదు.

మూడో రోజు తీరం వెంబడి ఉత్తరానికి, వెస్ట్‌పోర్ట్ వైపు సాగాము. సుమారు వంద కిలోమీటర్ల ఈ దారికి ఒక వైపు పపరోవా కొండల అడవి, మరో వైపు కిందుగా సముద్రం. మలుపుల దగ్గర పసుపు పలకల మీద 35, 45 అని రాసి ఉండే అంకెలను సలహాగా కాక ఆజ్ఞగా తీసుకోవాలని మొదటి గంటలోనే తెలుసుకున్నాను. ఒకే వాహనం పట్టే వంతెనల దగ్గర ఇంకో నియమం ఉన్నది. పలక మీద మన దిశను చూపే బాణం చిన్నదిగా, ఎర్రగా ఉంటే మనమే ఆగి ఎదుటివారికి దారి ఇవ్వాలి. పునకైకి దగ్గరి పాన్‌కేక్ రాళ్ళను చూడాలంటే సముద్రం పోటు మీద ఉన్నప్పుడు చేరుకోవాలి, కనుక ముందు రోజే పోటు వేళలు చూసుకుని బయలుదేరాము. పెనం మీంచి తీసి దొంతరగా పేర్చిన అట్లలాగా ఉండే ఆ సున్నపురాతి కొండల కిందికి అలలు దూరి, రంధ్రాల గుండా పైకి చిమ్ముతాయి. పోటు లేని సమయంలో వచ్చినవారికి రాళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

ఇక డెనిస్టన్. వెస్ట్‌పోర్ట్‌లో మేము దిగిన మోటెల్ యజమానురాలు, నాన్న ఏం పని చేసేవారో తెలుసుకుని, "అయితే ఇంక్లైన్ చూడకుండా వెళ్ళకండి" అన్నది. ఇంక్లైన్ అనే మాట వినగానే నాన్న చెవులు నిక్కబొడుచుకున్నాయి. సింగరేణిలో ఇంక్లైన్ అంటే బావి అనే అర్థం, ఇరవై ఒకటో ఇంక్లైన్, అయిదో ఇంక్లైన్ అని బావులకు పేర్లే అలా ఉంటాయి. కనుక మేము ఒక గని చూడబోతున్నామని ఆయన అనుకున్నారు. వైమాంగరోవా దగ్గర తీరం వదిలి, మలుపులు తిరుగుతూ సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఎక్కిన తరువాత గానీ తెలియలేదు, ఇక్కడ ఇంక్లైన్ అంటే గని కాదు, కొండ మీది నుంచి కిందికి బొగ్గును దింపిన ఏటవాలు పట్టాల దారి అని.

పైన ఊరంటూ దాదాపు ఏమీ మిగలలేదు. ఒకప్పుడు వెయ్యి మందికి పైగా బతికిన చోట ఇప్పుడు ఇటుక పొగగొట్టాల మొండాలు, తుప్పు పట్టిన టబ్బులు, గాలి, మంచుతెర. మేము వెళ్ళిన గంటకు తెర తొలగి, కింద సముద్రపు అంచు దాకా కనిపించింది. 1879లో మొదలై 1967 దాకా పనిచేసిన ఈ దారి పొడవు సుమారు 1.7 కిలోమీటర్లు, దిగే లోతు 518 మీటర్లు. అత్యంత నిటారుగా ఉన్న చోట ప్రతి 1.25 మీటర్లకూ ఒక మీటరు లోతుకు దిగుతుంది. ఈ దారిలో కోటీ ఇరవై లక్షల టన్నులకు పైగా బొగ్గు కిందికి చేరింది. బండ్లను నడపడానికి ఇంజన్ లేదు. నిండు బండి కిందికి దిగుతూ తన బరువుతో, తాడు రెండో కొసకు కట్టిన ఖాళీ బండిని పైకి లాగుతుంది. పైకొసన ఉన్న బ్రేకుమనిషి నీటి ఒత్తిడితో పనిచేసే బ్రేకులతో వేగాన్ని అదుపు చేసేవాడు.

నాన్న పట్టాల దారి పైకొసన నిలబడి చాలాసేపు కిందికి చూశారు. ఆ తరువాత నాకు వివరించడం మొదలుపెట్టారు. నేను చదివి చెప్పినదాన్నే ఆయన నాకు తిరిగి చెప్పారు గానీ, నాకు తట్టని ఒక మాట అందులో ఉన్నది. "మన దగ్గర బొగ్గు కింద, రైలు పైన. గందుకే నిండు టబ్బులను గుంజనీకి హాలర్ గావాలె. వీళ్ళకు బొగ్గు పైన, రైలు కింద. వీళ్ళకు గుంజుడు కాదు, ఆపుడే పని." జీవితమంతా బరువును పైకి లాగిన మనిషి, బరువును ఆపడమే పనిగా ఉన్న తన సాటి ఉద్యోగి గురించి ఆలోచిస్తున్నారు. బ్రేకు తప్పితే ఏమయ్యేదని ఆయన అడిగినప్పుడు, వంపులో పట్టాల పక్కన తలకిందులుగా పడి ఉన్న పాత బండ్లను చూపించాను. ఇంకో విషయం ఆయనను వదలలేదు. పైన అంతా రాయి కావడంతో సమాధులు తవ్వే వీలు లేక, చనిపోయినవారిని కూడా కిందికి దించి పూడ్చేవారట. బండి దారి పడక ముందు పెళ్ళికూతుళ్ళూ, పసిపిల్లలూ, సామాన్లూ ఈ ఖాళీ బండ్లలోనే పైకి వచ్చేవారని అక్కడి పలకల మీద ఉన్నది. రెండు గంటలు అనుకున్నది అయిదు గంటలయింది. మధ్యాహ్నం చలిలో కారులో కూర్చుని పులిహోర తిన్నాము. నా భార్య, "మామయ్యగారికి ఇక్కడే క్వార్టర్ ఇప్పించేయండి" అన్నది.

అయిదో రోజు వెనక్కి వచ్చి, గ్రేమౌత్ దాటి, హోకిటికా చేరేసరికి రెండో విడత వాన పట్టుకున్నది. కొండచరియలు పడి దక్షిణపు దారి మూసివేశారని సాయంత్రం తెలిసింది. తీరానికి ఉన్నది ఒకటే దారి, ఆరో నంబరు రాష్ట్ర రహదారి. అది మూసుకుపోతే పక్క దారి అనేది ఉండదు. దాంతో ప్రయాణం రెండు రోజులు పెరిగింది. విమాన టిక్కెట్లు కొత్తగా కొనడానికి అయిన ఖర్చు, మా మొదటి మూడు రాత్రుల బస ఖర్చుకు దాదాపు సమానం. తక్కువ ధరకు వస్తున్నాయని మార్చుకునే వీలు లేని టిక్కెట్లు కొనడం, గదుల విషయంలో చూపిన జాగ్రత్త ఇక్కడ చూపకపోవడం, నేను చేసిన అసలు తప్పు.

ఆ ఖాళీ రోజు వృథా కాలేదు. 1864లో బంగారం దొరకడంతో రెండేళ్ళలోనే పెద్ద రేవుగా మారి, ఓడలు ఇసుక తిన్నెల మీద విరిగిపడుతున్నా జనం రావడం మానని ఊరు హోకిటికా. బంగారానికి శతాబ్దాల ముందే, ఇక్కడి ఆదివాసులైన మావోరీలు అరహురా నదిలోని పౌనము అనే పచ్చరాయి కోసం పర్వతాలు దాటి వచ్చేవారు. ఈ తీరాన్ని 1860లో ప్రభుత్వం వారి దగ్గర కొన్నది 300 పౌండ్లకు. నాలుగేళ్ళకే బంగారం బయటపడింది. పౌనము మీది హక్కు చట్టప్రకారం ఙై తాహు తెగకు తిరిగి దక్కింది 1997లో. ఆ మధ్యాహ్నం వానలో ఒక చిన్న హోటల్లో వైట్‌బెయిట్ అట్టు తిన్నాము. నదీముఖాల దగ్గర వలలతో పట్టే సన్నని చేపపిల్లలను గుడ్డు సొనలో కలిపి వేస్తారు. యానాం దగ్గర పుట్టి పెరిగిన నా భార్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది మన చీరమేనే కదండీ! కాకపోతే చింతచిగురు లేదు" అన్నది. పట్టుకునే కాలం కూడా ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలలే. గ్లాసుతో కొలిచి అమ్మే మన చీరమేనుకు లాగే ఇక్కడా దాని ధర విని గుండె పట్టుకోవాలి.

దారి తెరిచారని తెలిసి ఏడో రోజు పొద్దున్నే బయలుదేరాము. రాస్ అనే ఊళ్ళో 1909లో మూడు కిలోల బంగారు ముద్ద దొరికింది. గనుల మంత్రి పేరు మీద దానికి ఆనరబుల్ రాడీ అని పేరు పెట్టి, తరువాత బ్రిటిష్ రాజు అయిదో జార్జికి కానుకగా పంపారు. సందర్శకులు పళ్ళెం అద్దెకు తీసుకుని బంగారం కడుక్కునే వాగు అక్కడ ఉన్నది. గంటసేపు వంగి కడిగితే మాకు దక్కింది నడుము నొప్పి, వేలి గోటి మీద అంటించి చూస్తే గానీ కనిపించని రెండు రేణువులు.

ఫ్రాంజ్ జోసెఫ్ ఊరికి చేరాక హెలికాప్టరులో మంచు మీదికి వెళ్ళడానికి మర్నాటికి చేసుకున్న ఏర్పాటు, పొద్దున్నే మబ్బుల వల్ల రద్దయింది. డబ్బు వెనక్కి ఇచ్చారు, అందులో ఎవరి తప్పూ లేదు. ఒకప్పుడు లోయలో నడిచి వెళ్ళి నేరుగా మంచు మీద కాలు పెట్టేవారు. హిమానీనదం వేగంగా వెనక్కి తగ్గి, అంచులు కూలిపోతుండటంతో 2012 నుంచి అది ఆగిపోయింది. ఇప్పుడు మంచు మీదికి చేరాలంటే హెలికాప్టరే గతి. మేము లోయలో హిమానీనదం కనిపించే చోటు దాకా నడిచాము. రెండు వైపులా ఫెర్న్ చెట్ల అడవి, మధ్యలో బూడిదరంగు గులకరాళ్ళ మైదానం, దూరంగా పైన, రెండు కొండల నడుమ నీలం కలిసిన మురికి తెలుపు. ఇంత వెచ్చని అడవి పక్కనే మంచు నిలవడానికి కారణం దాని వాలు. పైన విశాలమైన గిన్నెలో పేరుకున్న మంచు ఇరుకైన నిటారు లోయలోకి తోసుకువస్తుంది, కరిగేలోపే కిందికి దిగుతుంది. ఆస్ట్రియా చక్రవర్తి పేరును 1865లో జూలియస్ హాస్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీనికి పెట్టాడు. మావోరీల పేరు వేరు, కా రోయిమాటా ఓ హినె హుకాటెరె. మంచు చరియ పడి ప్రియుణ్ణి పోగొట్టుకున్న హినె హుకాటెరె కార్చిన కన్నీళ్ళు గడ్డకట్టినవని దాని అర్థం. నాన్న కళ్ళజోడు తుడుచుకుని చూసి, "గంత దూరమున్నదా" అన్నారు. అంతే. ఆయన దృష్టి అప్పటికే వైహో నది మీది ఇనుప వంతెన మీద ఉన్నది. 2019 మార్చి వరదలో పాత వంతెన కొట్టుకుపోతే మూడు వారాల లోపే మళ్ళీ వంతెన నిలబెట్టారని నేను చెప్పాను. వాహనం ఎక్కగానే పలకలు ఎలా మోగుతాయో వినడానికి, ఆయన కోరిక మీద దాన్ని రెండుసార్లు దాటాము. సాయంత్రం ఫాక్స్ అనే ఊరి దగ్గర మేథసన్ సరస్సు చుట్టూ నడిచాము. నీటిలో పర్వతాల ప్రతిబింబం కనిపిస్తుందని పేరు, మాకు నీటిలో మబ్బులు కనిపించాయి.

చివరి రోజు ఫాక్స్ నుంచి హాస్ట్ దాకా 120 కిలోమీటర్లు. ఫాక్స్‌లోనే పెట్రోలు నింపుకోవాలి, పటాలు ముందే ఫోన్లో దింపుకోవాలి, ఎందుకంటే సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. ఈ ముక్క 1965 నవంబరులో గానీ పూర్తి కాలేదు. ఆ సంగతి గుర్తుగా స్తంభం నిలిపిన నైట్స్ పాయింట్‌కు ఆ పేరు, సర్వే చేసినవారి కుక్క నైట్ మీద వచ్చింది. ఆగి సముద్రం చూద్దామని దిగితే సాండ్‌ఫ్లైలు అనే చిన్న నల్ల ఈగలు చీలమండల దగ్గర కుట్టి వెంటనే కారెక్కించాయి. ఏడు వందల మీటర్లు దాటిన ఒంటి దారి హాస్ట్ వంతెన మీద, మధ్యలో ఆగి దారి ఇవ్వడానికి రెండు చోట్ల వెడల్పు చేశారు. అక్కడి నుంచి హాస్ట్ పాస్ ఎక్కి దిగేసరికి అడవి పలచబడి, ఎండిన గడ్డి కొండలు వచ్చాయి, కారు వైపర్లను ఆపేశాను. క్వీన్స్‌టౌన్‌లో కారు తీసుకున్న అబ్బాయి కిటికీ రబ్బరు చూసి, "కియానా?" అని మాత్రం అడిగి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. బీమాలో మేము భరించవలసిన వాటా కింద ఆ రబ్బరు ఖరీదు మా దగ్గర వసూలు చేసుకున్నారు.

ఆ రాత్రి గదిలో నాన్న ఇల్లందులోని తన పాత సావాసగాడికి ఫోన్ చేశారు. ఆయన కూడా హాలేజీలోనే పనిచేశారు. మంచు ఎట్లున్నదని అడిగినట్టున్నారు, "ఉన్నది, దూరం నుంచి చూసినం" అని చెప్పి, "అది కాదే, ఇంజన్ లేకుండ ఇంక్లైన్ నడిపిన్రు ఇక్కడ" అంటూ మొదలుపెట్టారు. అరగంట గడిచాక ఫోన్ చెవి దగ్గరి నుంచి తీసి నా వైపు తిరిగి, "తాడు డ్రమ్ముకు ఎన్ని చుట్లు ఉండెనో అడుగుతున్నడు. నీ ఫొటోలల్ల కనబడతదా చూడు" అన్నారు. ముగ్గురం మంచం మీద కూర్చుని, డెనిస్టన్ ఫొటోలను ఒక్కొక్కటే పెద్దవి చేసుకుంటూ వెతికాము.